పానశాల బల్ల కింద ఏముంది: డచ్ పల్లె బొమ్మల్ని చూడటం నేర్చుకునేవాళ్ళకి

నాలుగైదు వందల ఏళ్ళ కిందట గీసిన ఈ పల్లె, పానశాల బొమ్మలు మొదటిసారి చూసేవాళ్ళకి కనిపించేది సాధారణంగా ఒకటే. మసకచీకటి గది, అందులో నలుగురు తాగుబోతులు. అర నిమిషం చూసి పక్క బొమ్మకి వెళ్ళిపోతారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. రెంబ్రాంట్ కోసం, వెర్మీర్ కోసం మ్యూజియం సైట్లు తెరిచినప్పుడు దారిలో ఈ పల్లె బొమ్మలు తగిలేవి, దాటేసేవాణ్ణి. ఒకరోజు ఒక బొమ్మను బాగా జూమ్ చేస్తుంటే పొరపాటున నేల మీదికి వెళ్ళిపోయాను. అక్కడ పగిలిన గుడ్డు పెంకులు, పొగ తాగే మట్టి పైపు విరిగిన ముక్క, నల్లటి ఆల్చిప్పలు. చిత్రకారుడు వాటి మీద ఎంత శ్రద్ధగా వెలుగు పడేలా గీశాడంటే, ఆ చెత్త ఎవరో ఇప్పుడే పారేసినట్టుంది. అప్పటినుంచి ఈ బొమ్మల్ని కింది నుంచి పైకి చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వరసగా చెప్తాను.

ఒక్క బొమ్మ తీసుకోండి, పెద్దగా తెరవండి

ఇవి చాలావరకు చిన్న బొమ్మలు. ఓక్ చెక్క పలకల మీద గీసినవి, చేత్తో పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసేంత సైజువి. ఆడ్రియాన్ బ్రౌవర్ గీసిన 'పొగతాగేవాళ్ళు' న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాని ఎత్తు 46 సెంటీమీటర్లు, వెడల్పు 37. ఫోన్‌లో బొటనవేలంత సైజులో చూస్తే అందులో ఏమీ దొరకదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన బొమ్మల్ని మంచి నాణ్యతతో ఉచితంగా పెట్టింది, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. వియన్నాలోని కున్స్ట్ హిస్టోరిషెస్ మ్యూజియం తన దగ్గరున్న పీటర్ బ్రూగల్ బొమ్మల కోసం ప్రత్యేకంగా ఒక సైట్ నడుపుతోంది. కుంచె గీత గీతా చూసేంత జూమ్ అందులో ఉంది.

ఒక పూటకి ఒక్క బొమ్మ చాలు. కంప్యూటర్ తెర మీద తెరిచి, పక్కన కాగితం పెన్ను పెట్టుకోండి. పది నిమిషాలపాటు వివరణ ఏదీ చదవకండి. చదివితే ఆ రాసినాయన చూపించిందే కనిపిస్తుంది.

ఎక్కడిది, ఏ ఏడాదిది

పది నిమిషాలు చూశాక బొమ్మ కింద రాసిన ఊరు, ఏడాది చూడండి. 'డచ్ బొమ్మలు' అని అందరం కలిపి అనేస్తాం కానీ ఇవి రెండు దేశాలవి. ఈ సంప్రదాయానికి మూలపురుషుడైన పీటర్ బ్రూగల్ ఉన్నది ఆంట్వెర్ప్, బ్రస్సెల్స్ నగరాల్లో, అంటే ఇప్పటి బెల్జియంలో. 1569లో చనిపోయాడు. తరవాత స్పెయిన్ రాజు మీద తిరుగుబాటు జరిగి దేశం రెండుగా చీలింది. దక్షిణం స్పెయిన్ కింద కాథలిక్ ప్రాంతంగా మిగిలింది, ఉత్తరం డచ్ రిపబ్లిక్ అయింది. 1585లో ఆంట్వెర్ప్ స్పెయిన్ సేనల చేతికి చిక్కాక నేతగాళ్ళు, వర్తకులు, చిత్రకారులు వేలమంది ఉత్తరానికి వలస వెళ్ళారు. హార్లెం, లైడెన్ పట్టణాలు వాళ్ళతో నిండిపోయాయి. హార్లెంలో పేరు తెచ్చుకున్న ఫ్రాన్స్ హాల్స్ కూడా చిన్నప్పుడు ఆంట్వెర్ప్ నుంచి వచ్చినవాడే.

ఈ వలసల దారిలోనే పల్లె బొమ్మ కూడా ఉత్తరానికి నడిచింది. గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఎక్కువేం లేవు. బ్రూగల్ తరవాత బ్రౌవర్. దక్షిణాన ఔడెనార్డె ఊళ్ళో సుమారు 1605లో పుట్టాడు, 1620ల్లో హార్లెంలో పనిచేశాడు, మళ్ళీ ఆంట్వెర్ప్ వెళ్ళి 1638లో ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళకే పోయాడు. హార్లెంలో ఆడ్రియాన్ వాన్ ఓస్టాడె (1610-1685), నేతగాడి కొడుకు. అతని తమ్ముడు ఇసాక్, ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఆంట్వెర్ప్‌లో డేవిడ్ టెనీర్స్ (1610-1690), ఇతను పెళ్ళాడింది బ్రూగల్ మనవరాలిని. లైడెన్‌లో యాన్ స్టీన్ (1626-1679). ఈ అయిదారుగురిని తెలుసుకుంటే మిగతావాళ్ళని పోల్చుకోవడం తేలిక.

స్టీన్ గురించి ఒక మాట. వాళ్ళ నాన్న బీరు కాచేవాడు. స్టీన్ కూడా 1654లో డెల్ఫ్ట్‌లో ఒక బీరు బట్టీని కౌలుకి తీసుకున్నాడు. 1672లో లైడెన్‌లో సొంతంగా పానశాల నడుపుకోడానికి అనుమతి తెచ్చుకున్నాడు. అంటే పీపా దించడం, అరువు రాసుకోవడం, రాత్రి పూట తూలేవాణ్ణి బయటికి పంపడం అతనికి ఇంటి పని. అతని బొమ్మల్లో గ్లాసు పట్టుకునే తీరు ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉండటానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

వెలుగు ఎటునుంచి వస్తోంది

ఇది చిన్న పని, రెండు నిమిషాలు చాలు. కిటికీ ఎక్కడుందో వెతకండి. ఓస్టాడె బొమ్మల్లో చాలాసార్లు ఎడమ పక్కన చిన్న చిన్న గాజు బిళ్ళలు పొదిగిన ఎత్తైన కిటికీ ఉంటుంది. ఆ వెలుగు ఎవరి మీద పడితే బొమ్మలో అసలు పాత్ర వాళ్ళే. వెనకాల నీడలో ఇంకా మనుషులుంటారు. పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని కూర్చున్నవాడు, నిచ్చెన మీది పిల్లవాడు, తలుపు దగ్గర నిలబడ్డ ఇంకొకడు. తెర ప్రకాశం పెంచి వాళ్ళని లెక్కపెట్టండి. మొదట అయిదుగురు అనుకున్న గదిలో పదిమంది తేలడం నాకు చాలాసార్లు జరిగింది.

నేల మీదికి దిగండి

ఇక్కడ తొందరపడకండి. ఈ బొమ్మల ప్రాణమంతా వస్తువుల్లో ఉంది, వస్తువులు ఎక్కువగా నేల మీద, గోడ మీద ఉంటాయి. మొహాల దగ్గర మొదలుపెడితే వెంటనే మంచివాడు, చెడ్డవాడు అని తీర్పు చెప్పేస్తాం. చెప్పులు, కుండలు, పెంకుల దగ్గర మొదలుపెడితే ముందు ఆ గదిలో ఎలా బతుకుతున్నారో తెలుస్తుంది.

కూర్చునే వాటితో మొదలుపెట్టండి. వీపు ఆనించే మంచి కుర్చీ చాలా అరుదు. ముక్కాలి పీటలు, బోర్లించిన తొట్టెలు కనిపిస్తాయి. పాత పీపాని సగం చెక్కేసి కుర్చీలా మలుచుకున్నది కూడా కనిపిస్తుంది. అది పారేసే పీపా. చెక్కకి, చేతిపనికి విలువ ఉన్న ఇల్లు అది. బల్ల కూడా ఒక్కోసారి బల్ల కాదు, పీపా మీద వేసిన పలక.

తరవాత పైపులు. పొడవాటి కాడతో, తెల్లటి మట్టితో చేసి కాల్చిన పైపులు అవి. ఆనాటికి పొగాకు ఐరోపాకి కొత్త. సముద్రం దాటి వచ్చిన ఆకు, కొన్నేళ్ళలోనే డచ్ నేల మీద, ఆమెర్స్‌ఫోర్ట్ చుట్టుపక్కల కూడా పండించడం మొదలుపెట్టారు. గౌడా పట్టణం మట్టి పైపుల తయారీకి పేరు పడింది. పైపు చవక, కిందపడితే ముక్కలవుతుంది, అందుకే నేల మీద ఆ తెల్లటి ముక్కలు. బల్ల మీద చిన్న మట్టి మూకుడు, అందులో నిప్పు కణికలు కనిపిస్తే అది పైపు ముట్టించుకోడానికి. కాగితం పొట్లం ఉంటే పొగాకుది. నాకు ఇష్టమైన సంగతొకటి ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో డచ్ భాషలో పొగ పీల్చడాన్ని 'పొగాకు తాగడం' అనేవాళ్ళు. చుట్ట తాగడం, బీడీ తాగడం అనే మనకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పొగనీ బీరునీ ఒకే క్రియాపదంతో పలికిన ఆ మనుషులు, ఆ రెండింటినీ ఒకే బల్ల మీద ఒకే రకం మత్తుగా ఎందుకు గీశారో కూడా దాంతో అర్థమవుతుంది.

తాగే పాత్రల్ని వేరుచేసి చూడండి. బూడిదరంగు, గోధుమరంగు గట్టి పింగాణీ కూజాలు జర్మనీ వైపు రైన్ నది ప్రాంతం నుంచి వచ్చినవి. మూతలు సీసం, తగరం కలిసిన లోహంతో చేసినవి. కొన్ని కూజాల మెడ మీద గడ్డపు మనిషి మొహం అచ్చు ఉంటుంది, జూమ్ చేస్తే మనవైపే చూస్తూ దొరుకుతాడు. సన్నగా పొడుగ్గా, ఒంటి చుట్టూ వరసగా గీతలున్న గాజు గ్లాసు కనిపిస్తే అది పందెం గ్లాసు. ఒకరి తరవాత ఒకరు తాగుతూ సరిగ్గా తరవాతి గీత దగ్గర ఆపాలి. దాటితే ఇంకో గీత దాకా తాగాలి. ఆ గ్లాసుని ఎత్తి పట్టుకుని వెలుగులో చూసుకుంటున్న మనిషి కనిపిస్తే, అతను గీత కొలుచుకుంటున్నాడని తెలుసుకోండి. ఈ ఆట తెలియకపోతే ఆ భంగిమ అంతుబట్టదు.

తిండి సంగతి. ఆల్చిప్పలు, గుడ్డు పెంకులు, ఉల్లి పొట్టు. లండన్ నేషనల్ గ్యాలరీలో స్టీన్ గీసిన పానశాల బొమ్మ ఒకటుంది, 'పగిలిన గుడ్లు' అని పిలుస్తారు. నేల మీద గుడ్డు పెంకులు, ఆల్చిప్పలు, ఒక పెనం. బల్ల దగ్గర కూర్చున్న మగవాడు పానశాల ఆవిడ పావడా పట్టుకుని లాగుతున్నాడు. ఆ రోజుల్లో ఆల్చిప్పలు, గుడ్లు కామాన్ని రేపే తిండి అని నమ్మకం. అది తెలిశాక నేల మీది చెత్తకీ బల్ల దగ్గర జరుగుతున్నదానికీ సంబంధం ఉందని ఇట్టే కనిపిస్తుంది. అలాగని ప్రతి బొమ్మలో ప్రతి గుడ్డు పెంకుకీ ఈ అర్థం అంటగట్టకండి. ఆకలేసినవాడు గుడ్డు తిన్నాడు, అంతే అయ్యుండొచ్చు. చుట్టూ మనుషులు ఏం చేస్తున్నారో దాన్నిబట్టి నిర్ణయించుకోండి.

గోడ మీద పలక ఉందేమో చూడండి. దాని మీద వరసగా నిలువు గీతలుంటే అవి అరువు లెక్క. ఎవరెన్ని కూజాలు తాగారో పానశాలవాళ్ళు సుద్దతో గీసుకునేవాళ్ళు. ఎంత మత్తుగా గీసిన గదిలోనైనా మత్తులో లేని మనిషి ఒకరుంటారు, ఆ సుద్ద పట్టుకున్న మనిషి. చాలాసార్లు ఆడమనిషే. ఆవిడ కళ్ళు ఎటు చూస్తున్నాయో వెతకండి.

ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర చిల్లులున్న చిన్న చెక్కపెట్టె ఉంటే, లోపల నిప్పులు పెట్టుకుని పాదాలు కాచుకునేది. డచ్ శీతాకాలం ఎంత తడిగా, చల్లగా ఉంటుందో ఆ పెట్టె చెప్తుంది. పానశాలకి జనం ఎందుకు చేరతారో కూడా. ఇంట్లో పొయ్యికి కట్టె కొనాలి, ఇక్కడ ఒక కూజా బీరు కొంటే నిప్పు దగ్గర కూర్చోవచ్చు. రైక్స్ మ్యూజియంలో ఓస్టాడె 1650లో గీసిన లోపలి గది బొమ్మకి 'స్కేటర్లు' అనే పేరుంది, మంచు మీంచి వచ్చినవాళ్ళు వెచ్చగా చేరిన గది. బీరు కూడా అప్పట్లో రోజువారీ పానీయమే. మత్తు తక్కువుండే పలచటి బీరు పిల్లలు కూడా తాగేవాళ్ళు. బొమ్మలో పిల్ల చేతిలో కూజా చూసి ఉలిక్కిపడక్కర్లేదు.

ఇప్పుడు చేతులు, ఆ తరవాతే మొహాలు

వస్తువుల పని అయ్యాక చేతుల దగ్గరికి రండి. ఎవరి చెయ్యి ఎక్కడుంది? గ్లాసు మీద, పేకముక్కల మీద, పక్కవాడి భుజం మీద, కత్తి పిడి మీద. బల్ల కింద దాచిన ముక్క ఏమైనా ఉందా? గొడవ బొమ్మల్లో దెబ్బ తగలబోయే ముందు క్షణాన్ని గీయడం వీళ్ళకి ఇష్టం. కూజా గాల్లో ఉంటుంది, తల ఇంకా పగల్లేదు.

మొహాలకి ఒకే ఒక్క గురువు, బ్రౌవర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడెల్ మ్యూజియంలో 'చేదు మందు' అని ఒక బొమ్మ ఉంది. ఒక చేత్తో చిన్న సీసా, ఇంకో చేత్తో గిన్నె పట్టుకున్న మనిషి ఒక్కడే, ఇంకేమీ లేదు. ఆ మందు అప్పుడే నాలుక వెనక్కి చేరింది. కళ్ళు బిగుసుకుపోయాయి, నుదురంతా ముడతలు కట్టింది, నోరు పక్కకి వంకరపోయి తెరుచుకుంది. ఆ మొహాన్ని దగ్గరగా చూడండి. చర్మం ఒక్క రంగు కాదు, గులాబీ, బూడిద, మట్టి రంగు గీతలు పక్కపక్కన వదిలేశాడు, కలిపి నున్నగా చెయ్యలేదు. జుట్టు నాలుగు తడి గీతలు. చూస్తుంటే మన నోట్లో కూడా చేదు తగులుతుంది. ఆనాటి చిత్రకారులు గొప్పవాళ్ళ మొహాల్ని ప్రశాంతంగా, కదలకుండా గీసేవాళ్ళు. ఒక మామూలు మనిషి మొహం రుచికి ఎలా వణుకుతుందో ఇంత ప్రేమగా గమనించిన కుంచె అంతకుముందు దాదాపు లేదు.

దీని విలువ ఆ కాలంలోనే తెలిసినవాళ్ళకి తెలుసు. రాజుల దగ్గర రాయబారిగా పనిచేసిన, ఐరోపాలోనే పెద్ద పేరున్న చిత్రకారుడు రూబెన్స్ 1640లో చనిపోయినప్పుడు ఆయన ఇంట్లో బ్రౌవర్ బొమ్మలు పదిహేడు ఉన్నాయి. రెంబ్రాంట్ కూడా బ్రౌవర్‌వి కొన్ని కొనుక్కున్నాడు. బ్రౌవర్ మాత్రం అప్పుల్లో బతికాడు, 1633లో ఆంట్వెర్ప్ కోటలో బందీగా కూడా ఉన్నాడు.

వీళ్ళు నిజంగా రైతులేనా

ప్రతి పానశాల బొమ్మా రైతుల బొమ్మ కాదు. బట్టలు చూడండి. నేను ముందు చెప్పిన 'పొగతాగేవాళ్ళు' బొమ్మలో మధ్యలో కూజా పట్టుకుని పొగ వదులుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని మనవైపు చూస్తున్నది బ్రౌవర్ తనే. పక్కనున్నవాళ్ళు అతని చిత్రకారుల బృందం. వాళ్ళలో యాన్ డె హేమ్, యాన్ కోసియర్స్ ఉన్నారని పండితుల అభిప్రాయం. బట్టలు పల్లెటూరివి కావు, పట్నం కుర్రాళ్ళవి. రైతుల బొమ్మలో రైతుల్ని ఉంచాల్సిన చోట తమని తామే కూర్చోబెట్టుకున్నారు.

స్టీన్ కూడా తన బొమ్మల్లో తరచూ తనే దూరతాడు. హేగ్‌లోని మారిట్స్‌హౌస్‌లో ఉన్న అతని పెద్ద బొమ్మ ఒక డచ్ సామెత మీద గీసింది. పెద్దలు పాడినట్టే పిల్లలు ఊదుతారని దాని భావం. డచ్ భాషలో 'ఊదడం' అనే మాటకి పిల్లనగ్రోవి ఊదడం, పైపు పీల్చడం రెండూ వస్తాయి. అందులో ముసలావిడ కాగితం పట్టుకుని పాడుతోంది, ఒకడు తోలు తిత్తి వాయిద్యం ఊదుతున్నాడు, ఒకావిడ గ్లాసు చాచి పోయించుకుంటోంది, స్టీన్ తనే నవ్వుతూ పిల్లవాడి నోట్లో పైపు పెడుతున్నాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం కదా, అదే. తండ్రిగా తననే ఆ తప్పు చేసేవాడిగా గీసుకున్నాడు. ఈ రోజుకీ డచ్ వాళ్ళు చిందరవందరగా ఉన్న ఇంటిని 'యాన్ స్టీన్ ఇల్లు' అంటారు.

సామెతలు ఈ బొమ్మలకి పునాది రాళ్ళు. బెర్లిన్‌లో ఉన్న బ్రూగల్ 1559 నాటి బొమ్మలో ఒకే ఊళ్ళో వందకి పైగా సామెతల్ని మనుషుల చేత చేయించాడు. అర్థంకాని పని ఎవరైనా చేస్తూ కనిపిస్తే దాని వెనక ఒక నానుడి ఉందేమో అని అనుమానించండి. ఇంకో పునాది అయిదు ఇంద్రియాలు. యాన్ మీన్స మొలెనార్ 1637లో గీసిన అయిదు చిన్న పలకలు మారిట్స్‌హౌస్‌లో ఉన్నాయి. వాసన అంటే పువ్వు పట్టుకున్న సుందరి అనుకుంటాం. అతను గీసింది పసిపిల్లవాడి ముడ్డి తుడుస్తున్న తల్లి, ముక్కు మూసుకున్న మగవాడు. చూపు అంటే దీపం వెలుగులో ఖాళీ కూజాలోకి తొంగిచూస్తున్న మనిషి. స్పర్శ అంటే పావడా కింద చెయ్యిపెట్టినవాణ్ణి చెప్పుతో కొడుతున్న ఆడది. పెద్ద పెద్ద శాస్త్ర భావనని తెచ్చి వంటింట్లో కూర్చోబెట్టాడు. ఈ అయిదూ వరసగా చూశాక వేరే పానశాల బొమ్మలోకి వెళ్తే, పాడేవాడు, తాగేవాడు, పైపు వాసన చూసేవాడు ఎందుకున్నారో కొత్తగా తోస్తుంది.

ఎవరు కొన్నారు

ఈ బొమ్మలు రైతులు తమ ఇంటికోసం గీయించుకున్నవి కావు. హార్లెం, లైడెన్, ఆంట్వెర్ప్ పట్టణాల్లో బీరు వ్యాపారులు, బట్టల వర్తకులు, ఉద్యోగులు కొని గోడలకి తగిలించుకున్నారు. జాతరల్లో కూడా అమ్మేవాళ్ళు. 1641లో రాటర్‌డామ్ వెళ్ళిన జాన్ ఎవలిన్ అనే ఇంగ్లీషు యాత్రికుడు అక్కడి సంతలో ఎన్ని బొమ్మలున్నాయో చూసి ఆశ్చర్యపోయాడు. ముఖ్యంగా ప్రకృతి దృశ్యాలు, ఈ రకం హాస్యపు బొమ్మలు అని తన డైరీలో రాసుకున్నాడు. పెద్ద బొమ్మ కొనలేనివాళ్ళకి అచ్చు బొమ్మలుండేవి. ఓస్టాడె రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసినవే యాభై దాకా ఉన్నాయి.

ఆ పట్టణాల డబ్బుకి మన తీరంతో కూడా నిజమైన సంబంధం ఉంది. 1602లో మొదలైన డచ్ తూర్పు ఇండియా కంపెనీ నాలుగేళ్ళు తిరక్కుండానే మచిలీపట్నంలో కోఠీ, అంటే వ్యాపార స్థావరం, తెరిచింది. మన నేతగాళ్ళ బట్టని ఇండోనేషియా దీవులకి తీసుకెళ్ళి, దాన్నిచ్చి మసాలా దినుసులు కొని, ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మేవాళ్ళు. ఓస్టాడె పుట్టేనాటికి ఆ వ్యాపారం నడుస్తూనే ఉంది. పానశాల బొమ్మలో మన అద్దకం గుడ్డ ఉండదు, అది పేదల గది. కానీ ఆ గది బొమ్మను కొని గోడకి తగిలించుకున్న ఊళ్ళలో ఆ వ్యాపారపు డబ్బు తిరిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పట్నంవాడు ఆ రైతుని చూసి నవ్వుకున్నాడా, అసహ్యించుకున్నాడా, ఇష్టపడ్డాడా? 1970ల్లో స్వెట్లానా ఆల్పర్స్, హెస్సెల్ మీడెమా అనే ఇద్దరు పండితుల మధ్య దీని మీదే పెద్ద వాదన నడిచింది. పల్లె పండగల్ని గీసిన బొమ్మల్లో ఆనందం ఉంది, వాళ్ళతో కలిసి నవ్వే నవ్వు ఉంది అని ఆవిడ. తాగుడు, తిండిపోతుతనం చూపించి బుద్ధి చెప్పడానికే అని ఆయన. నేనైతే ఒక్కో బొమ్మకి ఒక్కో జవాబు వెతుక్కుంటాను, దానికి ఓస్టాడె ఒక్కడే చాలు.

ఇలా చెయ్యండి. ఓస్టాడె 1630ల్లో గీసిన బొమ్మ ఒకటి, 1650 తరవాత గీసింది ఒకటి పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో పశువుల కొట్టం లాంటి గది, పొట్టి పొట్టి మనుషులు, బంగాళాదుంప ముక్కులు, చేతుల్లో కత్తులు, మొహానికీ మొహానికీ తేడా లేదు. రెండోదాంట్లో అదే రకం గది, కానీ కిటికీలోంచి బంగారు రంగు ఎండ వస్తోంది. మనుషులు నిటారుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు, పాప కుక్కతో ఆడుకుంటోంది, గుమ్మం మీద తీగ పాకింది. 1653లో అతను చేసిన అచ్చు బొమ్మలో ఒక పేద కుటుంబం తినేముందు ప్రార్థన చేస్తోంది. 1673లో గీసిన 'ఫిడేలు వాద్యకారుడు'లో గుడిసె ముందు చేరి ఊరంతా పాట వింటోంది. ముప్పై నలభై ఏళ్ళలో హార్లెం చుట్టుపక్కల రైతులు అంతలా మారిపోలేదు. మారింది చిత్రకారుడి చూపు, కొనేవాడి మనసు. అందుకే ఒక్క బొమ్మ చూసి 'డచ్ రైతు ఇలా ఉండేవాడు' అని చెప్పేయకండి. ఏ దశకంలో, ఎవరి గోడ కోసం గీశారో కలిపి చెప్పండి.

దాచేసినవి కూడా ఉంటాయి

తరవాతి కాలంవాళ్ళు ఈ బొమ్మల్ని 'శుభ్రం' చేసిన సందర్భాలున్నాయి. ఇంగ్లండ్ రాజకుటుంబం సేకరణలో ఇసాక్ వాన్ ఓస్టాడె 1643లో గీసిన పల్లె సంత బొమ్మ ఉంది. 2015లో ప్రదర్శన కోసం శుభ్రపరుస్తుంటే ముందు భాగంలో ఉన్న పొద అసలుది కాదని తేలింది. దాని కింద దొడ్డికి కూర్చున్న మనిషి బయటపడ్డాడు. ఎవరికో సిగ్గనిపించి ఆకులు కప్పారు. ఇసాక్‌కి మాత్రం సంతంటే అది కూడా. ఏదైనా బొమ్మలో ఒక మూల మిగతా బొమ్మతో కలవకుండా, పొదో నీడో మొద్దుగా అతికినట్టుంటే అక్కడ ఆగండి. మ్యూజియం పేజీలో మరమ్మతుల వివరం ఉందేమో చదవండి.

ఒక బొమ్మతో మొత్తం చేసి చూద్దాం

వియన్నాలోని బ్రూగల్ 'రైతు పెళ్ళి', 1567-68 ప్రాంతంలో గీసింది. ఇది పెద్దది, వెడల్పు మీటరున్నర పైనే. పైన చెప్పినట్టే కింది నుంచి మొదలుపెడదాం.

నేల మీద ఎడమ వైపు బుట్టలో ఖాళీ కూజాలు, వాటిలోకి ఒకతను బీరు వంపుతున్నాడు. ఎన్ని కూజాలో చూస్తే విందు ఎంతసేపు నడుస్తుందో తెలుస్తుంది. అతని పక్కన నేల మీద ఒక చిన్నది కూర్చుంది, తలకి మించిన పెద్ద టోపీ, టోపీలో నెమలి ఈక. కంచం ఖాళీ అయింది, వేలు నాకుతోంది. చుట్టూ పెళ్ళి జరుగుతున్న సంగతి ఆ పిల్లకి పట్టదు.

ఇద్దరు మనుషులు వంట మోసుకొస్తున్నారు. వాళ్ళు మోస్తున్నది పళ్ళెం కాదు, ఊడదీసిన తలుపు. ఇంట్లో అంత పెద్ద పళ్ళెం లేదు, తలుపు ఉంది. దాని మీద గిన్నెల్లో జావ. మోసేవాళ్ళలో ఒకడు టోపీకి చెక్క చెంచా గుచ్చుకున్నాడు, తన వంతు వచ్చినప్పుడు తినడానికి. అక్కడే కాళ్ళు లెక్కపెట్టండి. ఒక పాదం ఎక్కువ తేలుతుంది. ఆ మూడో పాదం ఎవరిదని జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

గోడ అంతా గడ్డి, నూర్చని పంట. ఇది పెళ్ళి మంటపం కాదు, ధాన్యపు కొట్టం. కోత అయిపోయింది, గాదె నిండింది, అందుకే ఇప్పుడు పెళ్ళి. గోడకి రెండు పనలు అడ్డంగా తగిలించి ఉన్నాయి. పెళ్ళికూతురి వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి, పైన కాగితం కిరీటం వేలాడదీశారు. ఆవిడ చేతులు ఒళ్ళో కలిపి పెట్టుకుని, కళ్ళు దించుకుని, ఏమీ తినకుండా కూర్చుంది. పక్కన ఉన్నవాళ్ళంతా తింటున్నారు. పెళ్ళికొడుకు ఎవరో గట్టిగా చెప్పలేం, ఒకతన్ని అనుకుంటే ఇంకొకతనేమో అనిపిస్తుంది.

చేతుల దగ్గరికి రండి. తిత్తి వాయించేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకడి చేతులు వాయిద్యం మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం తలుపు మీద వస్తున్న గిన్నెల మీద ఉన్నాయి. ఆ చూపు దగ్గర కాసేపు ఆగండి. పొద్దుట్నుంచి ఊదుతున్నాడు, ఇంకా ఎవరూ అతనికి పెట్టలేదు. ఆకలిని అరుపు లేకుండా, ఏడుపు లేకుండా గీయడం అంటే అది.

కుడి చివర ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఒకతను, నల్లటి బట్టల్లో కత్తి కట్టుకున్న పెద్దమనిషితో మాట్లాడుతున్నాడు. బల్ల కింద నుంచి కుక్క తల. కత్తి ఉంది కాబట్టి ఆయన రైతు కాదు, ఊరి పెద్దో భూస్వామో. కొందరు ఆయన బ్రూగలే అంటారు. 1604లో చిత్రకారుల జీవితాలు రాసిన కారెల్ వాన్ మాండర్, బ్రూగల్ తన మిత్రుడు హాన్స్ ఫ్రాంకర్ట్‌తో కలిసి రైతు వేషం వేసుకుని, పెళ్ళికొడుకు తరఫు చుట్టాలమనో పెళ్ళికూతురు తరఫు చుట్టాలమనో చెప్పి, కానుకలు పట్టుకుని పల్లె పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడని రాశాడు. ఎంత నిజమో గానీ, తలుపుని పళ్ళెంగా మోయడం పట్నంలో కూర్చుని ఊహించే సంగతి కాదు.

మీ కాగితం మీద ఇప్పటికి పాతిక ముప్పై మాటలు పడి ఉంటాయి: కూజాలు, నెమలి ఈక, తలుపు, చెంచా, పనలు, కాగితం కిరీటం, తిత్తి, కుక్క. ఇప్పుడు వివరణ చదవండి. దాంట్లో లేనిది మీ కాగితంలో ఏదో ఒకటి ఉంటుంది, దాని చుట్టూ గీత గీసి ఉంచుకోండి. తరవాత ఇంకో పల్లె పెళ్ళి బొమ్మ తెరిచి, ముందుగా తిత్తి వాయించేవాడు ఎక్కడున్నాడో, అతనికి అన్నం పెట్టారో లేదో చూడండి.